రాగిని తినే నీళ్ళు

జూన్ 4

సొరంగం దొరగారికి,

కొండ లోపల కొలతలు తీసే ఉద్యోగమని చెప్పి వెళ్ళావు గానీ, అక్కడ ఫోను పలకదనీ, వారానికోసారి వచ్చే సామాన్ల జీపే దిక్కనీ ముందు చెప్పలేదు. పోనీలే. ఇన్నేళ్ళ తర్వాత మనిద్దరం కాగితం మీద పోట్లాడుకుందాం.

కుట్టుమిషను సంగతి అడిగావు. బాగైంది. ఎవరు బాగు చేశారో చెబితే నమ్మవు, నేనే. కాలితో నొక్కే పెడల్ లోపల ఒక చిన్న సర్క్యూట్ బోర్డు ఉంటుంది, మోటారు ఎంత వేగంగా తిరగాలో అదే చూసుకుంటుంది. అది కాలిపోయింది. ఆ మోడల్ సామాను ఇప్పుడు రావడం లేదు, కొత్త మిషను కొనుక్కోండి అన్నాడు రిపేరు షాపతను. నాకు ఒళ్ళు మండిపోయింది. ఇంటికొచ్చి వీడియోలు చూడటం మొదలుపెట్టాను. చూసి చూసి ఆ పిచ్చిలో పడ్డాను.

ఎలా చేస్తారో విను. తీగలు ఎక్కడెక్కడ పోవాలో ఆ గీతల బొమ్మని నున్నటి పత్రిక కాగితం మీద లేజర్ ప్రింటు తీయించాలి. ఒకవైపు రాగిరేకు అంటించిన పలకలు అమ్ముతారు. ఆ రాగి మీద కాగితాన్ని బోర్లించి ఇస్త్రీ పెట్టాలి. ఇస్త్రీ నాకొకరు నేర్పాలా? వేడికి నల్ల సిరా కాగితాన్ని వదిలి రాగికి అతుక్కుంటుంది. నీళ్ళలో నానబెట్టి వేలితో రుద్దితే కాగితం ఊడిపోయి గీతలు మిగులుతాయి. అప్పుడా పలకని ఫెర్రిక్ క్లోరైడ్ కలిపిన నీళ్ళలో వేసి, ట్రేని మెల్లగా అటూ ఇటూ ఊపుతూ ఉండాలి. చిక్కటి టీ డికాషన్‌లా ఉంటాయా నీళ్ళు, సిరా లేని చోటల్లా రాగిని తినేస్తాయి. అంచుల దగ్గర మొదలై, చూస్తూండగానే రాగి పలచబడి మాయమైపోతుంది. సిరా కింద దాక్కున్నది మాత్రం మిగులుతుంది. మొదటిసారి చూసినప్పుడు నోరు తెరుచుకుని నిలబడిపోయాను. కత్తెర లేకుండా జరిగే కత్తిరింపురా అది.

ఇప్పటికి మిషను పెడల్ కాక, పక్కింటివాళ్ళ చేపల తొట్టికి ఒక టైమరు, మా బట్టల షాపులో నా టేబుల్ లైటుకి ఒక మీట చేశాను. వంటింటి సింకు నిండా గోధుమరంగు మరకలు. చస్తే పోవు. నా నీలం చీర కొంగు ఇక ఇల్లు తుడవడానికే.

మీ బావ ఏమీ అనరు. ఈమధ్య ఆయనకి ఏదీ పట్టడం లేదు. బస్సు, ఇల్లు, మంచం. పేపరు కూడా నా చేత చదివించుకుంటున్నారు, అలిసిపోయానంటూ.

నువ్వు కంగారు పడకు. వాడిన నీళ్ళు పారబోస్తే పైపుల్ని కూడా తినేస్తాయి కాబట్టి ఒక సీసాలో పోసి బాల్కనీలో పెడతాను. దాని మీద 'విషం' అని ఎర్ర అక్షరాలతో రాసి అంటించాను. ఎదురింటివాళ్ళు కూడా చదువుకోవచ్చు, అంత పెద్దవి.

వేళకి తిను.

నీ అక్క

*

జూన్ 13

అక్కా,

నీ ఉత్తరం చదివి మా గుడారంలో అందరికీ వినిపించాను. పేలుడు మందు పెట్టే మా పెద్దమేస్త్రీ అన్నాడు, "మీ అక్కగారిని ఇక్కడికి పంపండి, కొండని సీసాలో నీళ్ళతోనే తినిపించేస్తుంది" అని. నవ్వుకున్నాం. తర్వాత నాకు నవ్వు రాలేదు.

రాగిని తినే నీళ్ళు వంటింట్లో ఏమిటక్కా? అన్నం వండే చోట. ఇక్కడ మందు డబ్బాలకి విడిగా ఒక షెడ్డు, దానికి కంచె, కాపలా. నువ్వేమో కూరల పళ్ళెం పక్కన ఊపుతున్నావు. చిన్నప్పుడు రేడియో విప్పి కరెంటు షాకు తిని, మర్నాడు మళ్ళీ విప్పిన మనిషివి నువ్వు. నీ సంగతి నాకు తెలియదా?

మానెయ్యమంటే మానవు. అందుకని మీ ఆడపడుచుకి ఒక ఉత్తరం రాశాను. రెండు వీధుల అవతలే కదా ఉంటుంది, అప్పుడప్పుడూ వచ్చి ఓ కన్నేసి ఉంచమన్నాను. కోప్పడకు.

ఇక్కడ బాగానే ఉంది. దుమ్ము తప్ప. తుమ్మితే రాళ్ళు రాలుతున్నాయి.

తమ్ముడు

*

జూన్ 21

ఒరేయ్,

నీకు రాయడానికి ఇంకెవరూ దొరకలేదా?

మా ఆడపడుచు ఆదివారం పొద్దున్నే దిగింది. నీ ఉత్తరం చేత్తో పట్టుకుని మరీ వచ్చింది. వంటింట్లో డబ్బాలన్నీ మూతలు తీసి వాసన చూసింది. "నీ తోడబుట్టినవాడే భయపడి రాశాడమ్మా, ఊరికే రాస్తాడా?" అంటుంది. చింతపండు డబ్బా దగ్గర కూడా ముక్కు మూసుకుంది. మీ బావ మంచం మీంచి లేవకుండా "దాని మానాన దాన్ని వదిలెయ్యి, అక్కా" అన్నారు. అంతే, ఆవిడకి మరీ కోపం వచ్చింది. తమ్ముణ్ణి నేనేదో మందు పెట్టి లొంగదీసుకున్నానని వెళుతూ వెళుతూ గుమ్మంలో అనేసి పోయింది.

ఇకమీదట నా గురించి నీకు భయం వేస్తే నాకే రాయి.

కోపంతో ఉన్న అక్క

*

జూలై 5

తమ్ముడూ,

ఆసుపత్రి వరండాలో కూర్చుని రాస్తున్నాను. అక్షరాలు వంకర పోతున్నాయి, ఎలాగో చదువుకో.

మీ బావ ఆ నీళ్ళు తాగారు.

ప్రాణానికి ఫరవాలేదన్నారు. ఈ మాటే మొదట రాయాల్సింది, ఇప్పుడు రాస్తున్నాను. ప్రాణానికి ఫరవాలేదు. నోరు, గొంతు కాలిపోయాయి. మాట లేదు. ముక్కులోంచి గొట్టం వేశారు.

ఏం జరిగిందంటే, ముందురోజు పెద్ద వాన. బాల్కనీలోకి జల్లు కొడుతోందని ఆ సీసాని లోపలికి తెచ్చి గుమ్మం పక్క బల్ల మీద పెట్టాను. పొద్దున ఆయన డ్యూటీకి తీసుకెళ్ళే టీ సీసా కూడా రోజూలాగే ఆ బల్ల మీదే పెట్టి, నేను షాపుకి వెళ్ళిపోయాను. రెండూ ఒకే రకం సీసాలు, లోపల ఒకే రంగు. కానీ దాని మీద ఎర్ర అక్షరాలున్నాయి కదరా, నా అరచెయ్యంత. ఆయన దాన్ని పట్టుకెళ్ళారు. బస్టాండులో జనం ఎక్కుతున్నారట. స్టీరింగు ముందు కూర్చుని మూత తీసి ఒక్క గుక్క వేశారట. ఉమ్మేశారు గానీ కొంత లోపలికి పోయింది. హారన్ మీద పడిపోయారట. అది మోగుతూనే ఉందట.

సీసా పోలీసుల దగ్గరుంది. కాగితం చెక్కు చెదరలేదు. అది చూసి ఎస్సై నన్ను అడిగాడు, "ఇది చూసి కూడా ఎలా తాగారమ్మా?" అని. నాకు తెలియదన్నాను. నిజంగా నాకు తెలియదు. అదే ప్రశ్న నేను పొద్దుట్నుంచి నన్ను అడుగుతున్నాను.

పిలుస్తున్నారు. వెళుతున్నాను.

అక్క

*

జూలై 14

అక్కా,

నీ ఉత్తరంతో పాటే అదే జీపులో మీ ఆడపడుచు ఉత్తరం కూడా వచ్చింది. రెండూ ముందు పెట్టుకుని కూర్చున్నాను.

ఆవిడ రాసింది చెప్పకుండా ఉండలేను. సీసా నువ్వే చేతికిచ్చి పంపావట. నెలల తరబడి నువ్వూ బావా సరిగ్గా మాట్లాడుకోవడం లేదట. నేను రాసిన ఉత్తరం ఎస్సైకి చూపించిందట, సొంత తమ్ముడికే అనుమానమని. నేను అలా రాయలేదు. భయమని రాశాను. కానీ ఇప్పుడది వాళ్ళ చేతుల్లో ఉంది.

ఒక్క మాట అడుగుతాను, తిట్టకు. రోడ్డు మీద బోర్డుల్ని అంత దూరం నుంచి చదివే మనిషి బావ. పట్టపగలు చేతిలో ఉన్న సీసా మీద అరచెయ్యంత అక్షరాలు చదవలేదంటే ఎలా? నేను నమ్మాలనే చూస్తున్నాను. మీ మధ్య ఏమైనా జరిగిందా? నాతో చెప్పు. ఏది జరిగినా నేను నీ వైపే ఉంటాను.

సెలవు అడిగాను. సొరంగం రెండు కొసలూ కలిసే సమయం, కొలతలు చూసేవాళ్ళు లేరు, ఇప్పుడు కుదరదన్నారు.

తమ్ముడు

*

జూలై 23

తమ్ముడూ,

ఏది జరిగినా నా వైపే ఉంటానన్నావు. మా ఆడపడుచు అన్న మాటలన్నిటికంటే ఆ మాటే నన్ను ఎక్కువ కోసింది. చెయ్యలేదని నమ్మేవాడు అలా రాయడు. నీ ఉత్తరం మడిచి పెట్టి చాలాసేపు కూర్చున్నాను. నిన్ను ఎత్తుకుని తిరిగిన చేతులివేనా అని చూసుకున్నాను.

జవాబు రాయకూడదనుకున్నాను. కానీ నిన్న జరిగింది ఎవరితోనైనా చెప్పకపోతే నాకు పిచ్చెక్కుతుంది. చెప్పడానికి నువ్వు తప్ప ఎవరున్నారు?

షాపు నుంచి తిన్నగా ఆసుపత్రికి వెళ్ళాను. తెల్లకోటు విప్పడం మరిచిపోయాను, బట్టలు సరిచేసే విభాగంలో మేమందరం వేసుకుంటామే, అదే. గొట్టం తీసేశారు. మాట లేదు కాబట్టి రాసి చూపించమని ఒక చిన్న పలక ఇచ్చారు. నేను మంచానికి ఆనుకుని నిలబడ్డాను. చెయ్యి చాపితే తగిలేంత దగ్గర. ఆయన నా మొహంలోకి చూశారు. పలక మీద ఏదో రాసి, నా వైపు తిప్పి చూపించారు.

'సిస్టర్, నా భార్య ఇంకా రాలేదా?'

ఆయన జవాబు కోసం కాసేపు చూసి, పలక గుండెల మీద పెట్టుకుని తలుపు వైపు తిరిగారు. నేను ఇక్కడుంటే, నా కోసం అటు చూస్తున్నారు. పట్టపగలు. కిటికీలోంచి ఎండ నా మీదే పడుతోంది.

"నేనే," అన్నాను.

ఆయన మొహం ఎలా మారిపోయిందో నేను రాయలేను. దొంగతనం చేస్తూ దొరికిపోయినవాళ్ళు అలా చూస్తారేమో.

తర్వాత కళ్ళ డాక్టరు వచ్చి చూశాడు. కంటి వెనక పొర పాడైందట. ఎదురుగా చూసే చూపు పోయింది, పక్క చూపుతో నెట్టుకొస్తున్నారట. ఏడాది పైబడే అయివుంటుందన్నాడు. ఏడాదిరా. ఆ ఏడాదీ ఆయన బస్సు నడిపారు. నేను అడుగుతుంటే పలక మీద ఒక్కొక్కటే రాశారు. డిపోలో కళ్ళ పరీక్షకి ఎప్పుడూ ఒకే చార్టు పెడతారట, దాన్ని బట్టీ పట్టారట. దారి ఎటూ కంఠతా వచ్చు. సిగ్నల్ సంగతి, రోడ్డు మీద మనుషుల సంగతి కండక్టర్ ముందు సీటు దగ్గర నిలబడి చెబుతూ ఉండేవాడట.

పేపరు నా చేత ఎందుకు చదివించుకున్నారో ఇప్పుడు తెలిసింది. ఎర్ర అక్షరాలు ఎందుకు చదవలేదో తెలిసింది. నేను ఆ మనిషి పక్కనే పడుకుంటూ, ఆ మనిషికే అన్నం వడ్డిస్తూ, ఇది చూడలేదు. బోర్డు మీద వెంట్రుకంత గీత తెగితే భూతద్దం పెట్టి పట్టుకుంటాను.

చివర్న ఆయన పలక తుడిచి ఇంకోటి రాశారు. 'ఎవరికీ చెప్పకు. గొంతు తగ్గగానే మళ్ళీ ఎక్కుతాను.'

మళ్ళీ ఎక్కుతారట.

చెప్పకపోతే మొగుడికి విషం పెట్టిన దాన్ని నేను. చెబితే ఆయన బతుకుతెరువు పోతుంది, డిపోలో తలెత్తుకోలేరు. పొద్దున్నుంచి ఇదే తిప్పుతున్నాను.

అక్క

*

జూలై 30

తమ్ముడూ,

నీ జవాబు కోసం ఆగలేదు.

డిపో మేనేజరు గదికి వెళ్ళి చెప్పేశాను. అతను నన్ను కూర్చోబెట్టి మంచినీళ్ళు ఇప్పించి, అంతా విని, "మీరు పొరబడుతున్నారేమోనమ్మా. ఇన్నేళ్ళలో ఒక్క ప్రమాదం లేని డ్రైవరు ఆయన," అన్నాడు.

"ఇక ముందు కూడా ఉండకూడదనే వచ్చానండి," అన్నాను.

అతను కళ్ళ డాక్టరుకి ఫోను చేశాడు. మాట్లాడుతూ మాట్లాడుతూ కుర్చీలోంచి లేచి నిలబడిపోయాడు. ఫోను పెట్టేశాక కూడా అలాగే నిలబడ్డాడు. కిటికీ అవతల బస్సులు కడుగుతున్నారు. వాటినే చూస్తూ, "మా అమ్మాయి ఆయన బస్సులోనే కాలేజీకి వెళుతుంది," అన్నాడు. నాతో అన్నాడో తనలో అనుకున్నాడో తెలియదు.

ఎస్సైకి కూడా డాక్టరు కాగితం చూపించాను. పొరపాటున జరిగిందని రాసుకుని కేసు మూసేస్తానన్నాడు.

ఆసుపత్రికి వెళ్ళి ఆయనకి నేనే చెప్పాను, ఇంకొకరు చెప్పకముందే. పలక అందించాను. తీసుకోలేదు. గోడ వైపు తిరిగి పడుకున్నారు. మా ఆడపడుచు అక్కడే ఉంది. "కళ్ళు పోయినవాడి కడుపు కూడా కొట్టావు" అంది. ఆవిడ తమ్ముడికి చూపు లేదని ఆవిడకీ అప్పుడే తెలిసింది. తిడుతూనే ఏడ్చింది. ఏడుస్తూనే ఆయన దుప్పటి సర్దింది. నాకు ఆవిడ మీద కోపం రాలేదు.

అక్క

*

ఆగస్టు 1

అక్కా,

నిన్ను అలా అడిగినందుకు నా మీద నాకే అసహ్యంగా ఉంది. దాని గురించి ఎదురుగా వచ్చి చెబుతాను, కాగితం మీద కాదు.

ముందు ఈ మాట విను. డిపోలో చెప్పకు. తొందరపడకు. గొంతు బాగోలేదని మెల్లగా పెద్ద సెలవు పెట్టించు, తర్వాత ఆయనే మానుకుంటారు. పరువుగా బయటపడతారు. పోలీసులకి పొరపాటు అని చెబితే చాలు, కళ్ళ సంగతి ఎందుకు? మనింటి సంగతి మనింట్లోనే ఉండనీ.

ఈ ఉత్తరం అందగానే జవాబు రాయి.

తమ్ముడు

*

ఆగస్టు 12

తమ్ముడూ,

నీది వచ్చింది. నాది నీకు ఈపాటికి చేరి ఉంటుంది. దారిలో రెండూ ఎదురుపడి ఉంటాయి.

పరువుగా బయటపడటం గురించి రాశావు. బస్సులో ఎక్కేవాళ్ళ మాట ఒక్కటి కూడా రాయలేదు. నువ్వు కొలతలు తీసే కళ్ళు సరిగ్గా లేకపోతే సొరంగంలో ఎవరి నెత్తిన కొండ పడుతుందో నీకు చెప్పాలా? నా మీద అనుమానపడ్డావు, దానికి ఏడ్చి ఊరుకున్నాను. దీనికి మాత్రం నిర్ఘాంతపోయాను.

ఆయన ఇంటికొచ్చారు. గొంతు మానింది, మాట్లాడొచ్చన్నారు డాక్టర్లు. మాట్లాడటం లేదు. నాతోనే కాదు, ఎవరితోనూ.

అక్క

*

ఆగస్టు 22

అక్కా,

వానలకి దారి తెగి రెండు వారాలు జీపు రాలేదు, నీ రెండు ఉత్తరాలూ ఒకేసారి అందాయి. నా మాట నీకు ఆలస్యంగా చేరడమే మంచిదైంది. ముందే చేరి, నువ్వు విని ఉంటే? అది తలుచుకుంటే ఇక్కడ లోపలికి దిగబుద్ధి కావడం లేదు.

మీ ఆడపడుచుకి రాశాను. మా అక్క మీద నాకు ఏనాడూ అనుమానం లేదని అబద్ధం రాయలేదు. అనుమానపడ్డాననీ, అది నా బుద్ధిలేనితనమనీ రాశాను. ఎవరికి చూపించుకున్నా సరే అన్నాను.

బావ మాట్లాడారా?

తమ్ముడు

*

సెప్టెంబర్ 14

తమ్ముడూ,

ముందు చిన్న సంగతులు. ఎస్సై ఆ సీసా తిరిగిచ్చాడు. ఆ పాత నీళ్ళలో చాకలిసోడా వేసి, అడుగున పేరుకున్న మడ్డిని సిమెంటులో కలిపి గట్టిపడ్డాక చెత్తబండివాళ్ళకి అప్పగించాను, అలాగే చెయ్యాలట. ఇక మళ్ళీ కలిపితే ఆ సీసా ఉండేది తాళం వేసిన పెట్టెలోనే. ఎప్పుడు మొదలుపెడతానో తెలియదు. ఇస్త్రీపెట్టె చేతిలోకి తీసుకుంటే ఆ రోజే గుర్తొస్తోంది. మా ఆడపడుచు రోజూ కూర పంపుతోంది. నాతో మాట్లాడదు, గిన్నె మాత్రం నా చేతికే ఇస్తుంది.

ఇప్పుడు అసలు సంగతి. నిన్న ఆయన్ని గొంతు డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాను. తిరిగి వస్తుంటే స్టాపులోకి బస్సు వచ్చింది. ఆయన నడిపిన బస్సే. నేను నంబరు చూసి, ఇంకోదాని కోసం ఆగుదామనుకున్నాను. చప్పుడు విని ఆయనకి తెలిసిపోయింది. నా భుజం పట్టుకుని తనే మెట్టు వెతుక్కుని ఎక్కారు. కొత్త డ్రైవరు గుర్తుపట్టి దణ్ణం పెట్టాడు. ఆయనకి కనిపించలేదు. ముందు సీట్లో కూర్చున్నాం.

బడి దగ్గర మలుపు ఉంది చూడు, అక్కడికి రాబోతుండగా ఆయన నా చెయ్యి పట్టుకున్నారు. ఎముకలు నొప్పి పుట్టేంత గట్టిగా.

"ఇక్కడే," అన్నారు.

నెలలు దాటాక విన్న మొదటి మాట. ఆ గొంతు ఆయనది కాదు, గరుకు కాగితం రుద్దినట్టుంది.

"ఏమిటి ఇక్కడ?" అన్నాను.

"ఒక పిల్ల. సైకిలు మీద అడ్డంగా వచ్చింది. నాకు కనిపించలేదు. కండక్టర్ కేక పెడితే బ్రేకు తొక్కాను. సైకిలు చక్రం బస్సుకి ఆనుకుని ఆగిందట."

"తర్వాత?"

"ఆ పిల్ల నాతో 'సారీ అంకుల్' అంది." ఆయన కాసేపు ఊపిరి తీసుకున్నారు. "నాకు సారీ చెప్పింది. ఆ గొంతు వినిపించింది గానీ మొహం కనపడలేదు. ఎక్కడుందో తెలియక ఊరికే తల ఊపాను."

"ఇది ఎప్పుడు?"

"ఆ సీసా తాగడానికి కొద్దిరోజుల ముందు."

"మర్నాడు మళ్ళీ ఎక్కారా?"

"ఎక్కాను."

ఆయనే అన్నారు, "రోజూ అనుకునేవాణ్ణి, ఇవాళ ఎవరైనా పట్టుకుంటే బాగుండునని. నా అంతట నేను దిగలేకపోయాను. నువ్వు దింపావు. కోపంతో కాదు నేను మాట్లాడనిది. మాట్లాడితే ముందు ఇదే చెప్పాలి కదా."

బస్సు మలుపులోకి వచ్చి నెమ్మదించింది. బడి వదిలిన వేళ.

"పిల్లలున్నారా?" అని అడిగారు.

"ఉన్నారు. చాలామంది. సైకిళ్ళ మీద."

"ఆపాడా?"

"ఆపాడు."

ఆయన నా చెయ్యి వదల్లేదు. నేను అద్దంలోంచి చూస్తూ, ఒక్కొక్కళ్ళే దాటుతుంటే చెబుతూ కూర్చున్నాను. ఇద్దరు వెళ్ళారు, ఒకమ్మాయి జడ ముందుకేసుకుని వెళుతోంది, ఇంకొకమ్మాయి చెప్పు జారిపోతే ఆగింది, తొడుక్కుంది, అది కూడా దాటింది. ఇంకా ఉన్నారా అంటారు. ఇంకొకరున్నారు అంటాను. చివరి పిల్ల అవతలి గట్టు ఎక్కేదాకా చూశాను.

"అందరూ దాటేశారు," అన్నాను.

అప్పుడు వదిలారు.

నీ అక్క